నిచ్చెనలు దిగండి

ఊళ్లో ఆమెను అందరూ వానమ్మ అనేవారు. స్థానిక రేడియోలో రోజూ పొద్దున్నే వాతావరణ విశేషాలు చదివేది ఆమే. "పొడి వాతావరణం" అని ఆమె చదివిన రోజునే వాన పట్టుకుంటుందని, గొడుగు తీసుకెళ్లాలో వద్దో తెలియాలంటే ఆమె మాటను తిరగేసుకుంటే చాలని జనం నవ్వుకునేవారు. పాపం, అందులో ఆమె తప్పేమీ లేదు. దూరాన ఉన్న పెద్ద కార్యాలయం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఒకే మాట రాసి పంపేది. కొండను ఆనుకుని ఉన్న ఈ ఊరి తీరే వేరు.

భర్త పోయాక ఆమె, అత్తగారు ఇద్దరే ఒక చిన్న వాటాలో ఉంటున్నారు. ఆమె పనికి వెళ్లి రావడం, పెద్దావిడ రేడియో ముందు కూర్చుని కోడలి గొంతు వినడం. రోజులు అలా గడిచిపోతున్నాయి.

ఒకనాటి మధ్యాహ్నం రేడియో స్టేషన్ గుమ్మంలో ఒకాయన తడిసి ముద్దై నిలబడ్డాడు. చొక్కా నిండా నీలం మరకలు. ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ.

"వాన లేదన్నారని పొద్దున్నే ఆస్పత్రి బయటి గోడకి రంగు మొదలెట్టాను మేడమ్. ఇప్పుడదంతా కాలవలో పోతోంది," అన్నాడు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. "నన్ను క్షమించండి. రాసిచ్చింది చదవడమే నా పని."

"అయ్యో, తిట్టడానికి రాలేదండీ. పొద్దున ఆకాశంలో ఏదో ఒక గుర్తు ఉండే ఉంటుంది కదా, నాకే తెలీలేదు. మీకు మబ్బుల గురించి తెలుసా?"

"పుస్తకాల్లో చదివాను. కానీ మా స్టూడియోకి కిటికీ లేదు," అంది ఆమె. అన్నాక ఆమెకే నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు.

వాన వెలిశాక ఇద్దరూ మేడెక్కారు. ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపించింది. చాలా ఎత్తులో పల్చగా, చారలు చారలుగా ఉన్నవి మంచు పలుకుల మబ్బులు. వాటి నుంచి ఇక్కడ చినుకు పడదు. కింద దూదిపింజల్లా విడివిడిగా తేలేవి మంచివే. అవే ఒకదాని మీదొకటి పేరుకుని, గోపురంలా లేచి, పైకొస వెడల్పుగా పరుచుకుంటే మాత్రం ఉరుములూ పిడుగులూ తప్పవు.

"ఆ పైవి చూస్తే, తడారిన కుంచెతో ఒక్క లాగు లాగినట్టున్నాయి," అన్నాడాయన.

ఆమె మళ్లీ తలెత్తి చూసింది. నిజమే. ఇన్నేళ్లుగా చదివిన పేర్లకు ఆ పూట ప్రాణం వచ్చినట్టనిపించింది.

అప్పట్నుంచి ఆయన పనికి వెళ్లేముందు స్టేషన్ దగ్గర ఆగేవాడు. "ఇవాళ గోడా, గదా?" అని అడిగేవాడు. ఆమె మేడెక్కి చూసొచ్చి, "గోడే కానివ్వండి," అనో, "లోపలి గదులు చూసుకోండి," అనో చెప్పేది. మేనేజర్ని ఒప్పించి, వచ్చిన కాగితం చదివాక "మా మేడ మీంచి చూస్తే" అంటూ ఒక మాట కలపడం మొదలుపెట్టింది. అది ఒక్కోసారి తప్పేది. అయినా జనం మునుపటంత నవ్వడం లేదు.

ఒకరోజు కాగితంలో గానీ, పొద్దుటి ఆకాశంలో గానీ అనుమానించాల్సిందేమీ కనబడలేదు. గోడే కానివ్వమంది. ఆయన మూడంతస్తుల భవనం మీదికి నిచ్చెన వేసుకున్నాడు. మధ్యాహ్నం భోజనం చేసి చేయి కడుక్కోవడానికి బయటికొచ్చిన ఆమెకు కొండ వెనక తెల్లటి గోపురం లేస్తూ కనిపించింది. చూస్తుండగానే దాని అడుగు నల్లబడింది. ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. పరుగున స్టూడియోలోకి వెళ్లి, వస్తున్న పాట ఆపించింది.

"కొండ వైపు నుంచి ఉరుముల వాన వస్తోంది. నిచ్చెనలెక్కినవాళ్లు దిగండి. దయచేసి వెంటనే దిగండి."

మేస్త్రీ పనిచేస్తున్న వీధిలోని టీ కొట్టాయన రేడియోలో అది విని, ఎదుటి భవనం కిందికెళ్లి కేకేశాడు. మేస్త్రీ దిగి, డబ్బాలు లోపల పెట్టుకునేసరికి ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. పక్కవీధిలో స్తంభం మీద పిడుగు పడింది.

సాయంత్రం ఇంటికి రాగానే అత్తగారు తువ్వాలందించి అడిగింది.

"బట్టలారేసుకున్నవాళ్లున్నారు, గొడుగు లేనివాళ్లున్నారు. నీకు నిచ్చెనెక్కినవాళ్లే గుర్తొచ్చారేమే అమ్మాయ్?"

"పిడుగులు కదా అత్తయ్యా, ఎత్తున ఉంటే ప్రమాదమనీ..."

"ఆ ఎత్తున ఉన్నదెవరు?"

ఆమె తల తుడుచుకుంటూ తువ్వాలులోనే ముఖం దాచుకుంది. మెల్లగా అంతా చెప్పింది. ఆయన చెల్లెళ్లను పెంచి పెద్దచేసేసరికి నలభై దాటాయని, తన పెళ్లి ఊసు ఎప్పుడూ ఎత్తలేదని కూడా చెప్పింది.

పెద్దావిడ కళ్లు ఒత్తుకుంది. "పోయినవాడు నా కొడుకు. వాడి కోసం ఏడవడం నా వంతు. నువ్వు కూడా ఉన్నన్నాళ్లూ ఏడుస్తూ కూర్చోనక్కర్లేదు తల్లీ."

"మిమ్మల్నొదిలి నేనెక్కడికీ వెళ్లను."

"వదలమని ఎవరన్నారు? ముసలిది కూడా వెంట వస్తుందని చెప్పు. ఏమంటాడో చూద్దాం."

మర్నాడు ముసురు పట్టింది. ఆయన ఎప్పటిలాగే వచ్చి, "గదేనా?" అన్నాడు. ఆమె తడబడుతూ, ఉన్న మాట ఉన్నట్టు చెప్పేసింది. అత్తగారు కూడా వెంట వస్తుందనీ చెప్పింది.

"మా ఇంట్లో కిందిగది ఖాళీగానే ఉంది. పెద్దావిడకి మెట్లెక్కే పనుండదు," అన్నాడాయన. "ఆవిడకి ఏ రంగిష్టమో అడిగారా?"

లేత ఆకుపచ్చట. ముసురు తగ్గేదాకా ఆయన ఆ గదికి రంగు వేశాడు. పెద్దావిడ కుర్చీ వేయించుకుని కూర్చుని, ఇక్కడ పల్చబడింది, అక్కడ చార కనిపిస్తోంది అని వంకలు పెడుతూనే ఉంది. ఆయన విసుక్కోకుండా మళ్లీ పూశాడు. ఆమె ముగ్గురికీ టీ పెట్టుకొచ్చింది.