పక్కనా, పైననా?

కోరుట్ల బస్టాండ్ ఎదుట దశరథం ఫోటో స్టూడియో. దుబాయి, మస్కట్ పోయిన మగవాళ్ల ఇళ్లలో అందరూ కలిసి ఫోటో దిగడం ఎక్కడ కుదురుతుంది? ఆడవాళ్లు పిల్లలతో వచ్చి, పక్కన మనిషి పట్టేంత ఖాళీ వదిలి నిలబడతారు. ఆ మగమనిషి పాత పాస్‌పోర్టు ఫోటో తీసుకొని దశరథం అక్కడ అతికిస్తాడు. అందుకే ఎవరొచ్చినా మొదట ఒకటే అడుగుతాడు: "పక్కనా, పైననా?" బతికున్నవాడు భుజం పక్కన ఉంటాడు. పోయినవాడు తలల పైన, గుండ్రటి చట్రంలో ఉంటాడు.

ఆ పొద్దు మల్లాపూర్ నుంచి శాంత వచ్చింది, ఆరేళ్ల కూతురు దీవెన వేలు పట్టుకొని. భర్త బాలరాజు మస్కట్ పోయి రెండేళ్లు. ఫోను వచ్చి ఎనిమిది నెలలు. పంపిన ఏజెంటుదేమో నరంలేని నాలుక, ఇవాళ రేపు కబురు తెస్తానంటూనే ఉన్నాడు.

దశరథం అడగలేక అడిగాడు.

"పక్కనే అన్నా! గా మాట గూడ అడుగుతవా?" శాంతకు కోపమొచ్చింది.

అతనికి సిగ్గేసింది. తలొంచుకొని కెమెరా అందుకున్నాడు. ఆ డిజిటల్ కెమెరా లెన్స్ ఎప్పుడో కిందపడి చెడిపోతే, పాత రీలు కెమెరా లెన్స్ దానికి బిగించాడు. బిగుస్తుంది గానీ, పాత ఎద్దును కొత్త బండికి కట్టినట్టే. ఫోకస్ తనంతట తాను పట్టదు, చేత్తో రింగు తిప్పాలి. కుదిరితే కన్ను ఆనించి చూసే అద్దంలో పచ్చ చుక్క వెలుగుతుంది. మడత లేని ఉత్త గుడ్డను చూపిస్తే మాత్రం ఎంత తిప్పినా వెలగదు. బొమ్మ కూడా రీలు కెమెరాలో కన్నా దగ్గరికొస్తుంది, అందుకని వెనక్కి జరిగి వీపు తలుపుకు ఆనించాడు. బాలరాజు పాస్‌పోర్టు ఫోటో తీసిందీ ఈ లెన్సే.

శాంత మొహం మీద చుక్క వెలిగింది. పక్కన ఖాళీగా ఉన్న నీలం తెర మీద వెలగలేదు. పైన ఎంత చోటుందో చూద్దామని కెమెరా కాస్త ఎత్తాడు. అక్కడా ఉత్త తెరే.

చుక్క వెలిగింది.

రింగు అటు తిప్పితే ఆరింది, ఇటు తిప్పితే వెలిగింది. రింగు మీద అంకె చూశాడు. పది అడుగులు. తెర పదమూడు అడుగుల దూరంలో ఉంది. పది అడుగుల దగ్గర ఉన్నది శాంత, దీవెన. వాళ్ల వరుసలోనే, వాళ్ల తలల పైన, గాలిలో ఏదో ఉంది. దశరథం లెన్స్ ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించాడు. మళ్లీ అక్కడే వెలిగింది.

"కుదిరిందా అన్నా?"

"కుదిరింది చెల్లె."

కెమెరా దించి, పక్కన ఖాళీ పడేలా బటన్ నొక్కాడు. యంత్రం మాట విని ఒక ఇల్లాలి ఆశ తుంచాలా? అతని వల్ల కాలేదు.

"ఎల్లుండి ఇస్త. పక్కనే పెడుత."

దీవెన నిలబడ్డచోటు నుంచి కదల్లేదు. తలెత్తి చూస్తోంది.

"మామా, మా నాయినను గంత పైన ఎందుకు నిలవెట్టినవు?"

శాంత పైకి చూసింది. ఆమెకు తెర తప్ప ఏమీ కనిపించలేదు. దశరథం మొహంలోకి చూసింది. అక్కడ ఆమెకు కావలసిన అబద్ధం దొరకలేదు. బయట జగిత్యాల బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది.

"ఇంకొకటి తియ్యి అన్నా," అంది. "పైన జాగ ఇడిచి."