పటేలు వలలో పడ్డ గూబ

రామ్‌కిషన్ పటేలు నన్ను భూమిలోంచి వెళ్లగొట్టాడు. ఎందుకని ఎవరైనా అడిగితే గుడ్లగూబ అంటాడు. ఆ గూబ చిక్కుకున్నది ఆయన కట్టించిన వలలోనే అన్న మాట మాత్రం ఎవరికీ చెప్పడు.

మాది న్యాల్‌కల్ దగ్గర ఊరు. పంతొమ్మిదేళ్లుగా ఆయన చెలక కౌలుకు చేస్తున్నాను. కాగితం లేదు. ఉంటే మాత్రం, ఐదో తరగతిలో బడి మానేసిన వాణ్ణి, ఏం చదువుతాను? ఏటా ఉగాదినాడు పోయి వాళ్ల వాకిట్లో నిలబడితే "చేస్కో పాండూ" అంటాడు, అంతే. ఈసారీ ఆ మాట వస్తుందన్న నమ్మకంతో, అల్లం తవ్వగానే ఎరువు కోసం పదిహేను రోజులు గొర్రెల మంద పెట్టించాను.

చెలక పక్కనే ఆయన జామతోట. చిలకలు రాకుండా చుట్టూ నైలాన్ వల కట్టించాడు. చిలకలు తెలివైనవి, పైనుంచి దిగుతాయి. చిక్కుకునేవి మిగతావి. ఓ పొద్దున పోయేసరికి తెల్ల గుడ్లగూబ ఒకటి వలకు తలకిందులుగా వేలాడుతోంది. దారం రెక్కలో మాంసం దాకా దిగింది. నన్ను చూసి ముక్కు టకటకలాడించింది. కొడవలితో మూరెడు వల కోసి, దాన్ని తువ్వాలలో చుట్టుకుని ఆటోలో జహీరాబాద్ పోయాను. పశువుల దవాఖానలో పనిచేసే ఇస్సాకు నాకు తెలిసినవాడే.

"ఏందే, కోడి తెచ్చినవనుకుంటి!" అని నవ్వాడు. పుండు కడిగి, మందు పూసి, రెక్కను ఒంటికి చేర్చి కట్టాడు. "బొక్క ఇరగలే. ఇరవై రోజులు చీకట్ల వెట్టు. ఎలుకలు ఎయ్యి."

ఇంటికి తెస్తే నా భార్య నాగరాణి గడప దాటనివ్వలేదు. "గూబ ఇంట్ల జొర్రితె ఆర్నెల్లు ఇల్లు ఇడువాలె. నువ్వు ఇడుస్తవా, నేనిడువాల్నా?" అంది.

చెలకలో మోటరు గది ఉంది, అందులో పెట్టాను. పంతొమ్మిదేళ్లు ఆ గదిలో పడుకుని పడుకుని, అది పటేలుదన్న సంగతే మరిచాను. నేను చేసిన తప్పు అదొక్కటే.

తొమ్మిదో రోజు పటేలు వచ్చాడు. ఆ వారమే ఆయన బర్రె చచ్చిన దూడను ఈనింది.

"నా కప్పు కింద గూబను వెట్టినవారా?"

"మీ వలలనే పడ్డది పటేలా. రెక్క మానాలె. జర పదకొండు రోజులు ఆగున్రి."

"ఇయ్యాలే బయట పారెయ్. లేకుంటె ఉగాదికి నా ఇంటికి రాకు."

పారేస్తే ఎగరలేని దాన్ని కుక్కలు పీక్కుతింటాయి. పంతొమ్మిదేళ్లు ఆయన పారెయ్ అన్నవన్నీ పారేశాను. ఆ రోజు నాకు చేతులు రాలేదు. "పదకొండు రోజులు పటేలా" అని మళ్లీ అన్నాను. ఆయన బండెక్కాడు.

రోజూ ఎలుకలు పట్టాను. అల్లం తవ్విన చేలో వాటికి కొదవ లేదు. ఇరవయ్యో నాటి సాయంత్రం కట్టు విప్పి తలుపు తీశాను. గూబ గడప మీద కాసేపు నిలబడి, గాల్లోకి లేచింది. వెనక్కి చూడలేదు. వలకంటే ఎత్తులో పోయింది. అంతవరకు చూసి తాళం వేశాను.

రావద్దన్నా ఉగాదికి పోయి నిలబడ్డాను. పటేలు భార్య సుగుణమ్మ పండక్కి చేసిన తీపి బక్షాలు రెండు చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా లోపలికి పోయింది. పటేలు పేపరులోంచి తల ఎత్తలేదు.

"ఈయేడు చెలక నర్సింగ్‌కు చెప్పిన" అన్నాడు.

నర్సింగ్ నేను పెట్టించిన గొర్రెల ఎరువులోనే అల్లం పెట్టాడు. మొన్న బస్టాండులో కలిసి, "ఎలుకలు శాన అయినయే, దుంపలన్ని కొరుకుతున్నయ్, నువ్వు చేసినప్పుడు గిన్ని లేకుండెగద, ఎట్లనే?" అని అడిగాడు. గూబ మాట ఎత్తకుండా, బస్సు వచ్చిందని ఎక్కేశాను. ఇప్పుడు నా చేతిలో గుంట భూమి లేదు. పోయింది ఎకరం పదహారు గుంటలు.