దిబ్బ తోడేలు

ఆవని ఊళ్ళో తెల్లారగానే చిన్నవెంకటప్ప చేసే మొదటి పని గొర్రెలను లెక్కపెట్టడం, రెండోది భార్య అక్కయమ్మ మీద విసుక్కోవడం. ఆ రోజు లెక్కలో ఒకటి తగ్గింది. విసుగు వాయిదా వేసి దొడ్డి వెనక్కి వెళ్తే, బండ మీద కూర్చుని మూతి నాక్కుంటున్న తోడేలు కనబడింది. తెల్లగా ఉంది.

"ఇది దిబ్బ తోడేలే! ఆండర్సన్‌పేటకు కబురు పంపీండి" అని అరిచాడు.

ఆ జిల్లాలో తోడేలును చూసి ఊరు చెప్పెయ్యొచ్చు. ఉన్న నేల దాని ఒంటికి పడుతుంది. ఆవని తోడేళ్ళది బండ రంగు, గుట్టలెక్కే పొట్టి కాళ్ళు. సరిహద్దులోని నంగలి తోడేళ్ళు కోసిన రాగి చేను రంగులో, సన్నగా, పొడుగు కాళ్ళతో ఉంటాయి. ఆంధ్రాలో మేకను పట్టి కర్ణాటకలో తినాలంటే ఆ మాత్రం కాళ్ళుండాలి మరి. ఆండర్సన్‌పేట పక్కన బంగారు గనుల మన్ను పోసిన సైనైడ్ దిబ్బల మీద ఉండేవి మాత్రం తెల్లటివి, ఇసుకలో దిగబడని వెడల్పు పాదాలవి. చోటు మారితే ఒళ్ళూ మెల్లిగా మారుతుంది. అందుకే పెద్దలు ఒక కట్టడి పెట్టారు. ఏ ఊరి తోడేలు గొర్రెను తింటే ఆ ఊరి మనిషి వచ్చి, దాని రంగు మారేదాకా మందను కాయాలి. మారిందంటే అది మన తోడేలు. మన తోడేలు మన గొర్రెను తింటే అది ఇంటి గొడవ.

కబురు అందేసరికి ఆండర్సన్‌పేటలో మగవాళ్ళందరికీ ఎక్కడలేని పనులు గుర్తొచ్చాయి. సగం మంది బెంగళూరు రైలుకు పరుగెత్తారు. నేత్రావతి మాత్రం "నేను పోతాను" అంది. ఆమె తాత ఆంధ్రా నుంచి గని పనికి వచ్చినవాడు. గొర్రెను ఆమె కూరలో తప్ప దగ్గరగా చూసింది లేదు. కానీ ఆమె కూతురు మాలకు దగ్గు. గాలి లేచిందంటే దిబ్బ దుమ్ము ఇల్లంతా పరుచుకునేది, పిల్ల రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యేవి. ఈ దుమ్ముకు దూరంగా ఉంచకపోతే కష్టమన్నాడు డాక్టరు. దూరమంటే ఎక్కడికి? మొగుడు మునేష్ బెంగళూరులో పని చేసుకుంటూ ఆదివారానికి వచ్చే మనిషి. వేరే ఊళ్ళో చుట్టమన్నవాడు లేడు.

మాలను ఎత్తుకుని ఆవని చేరిన మొదట్లో ఆమె గొర్రెలను కాసిందనడం కంటే, గొర్రెలే ఆమెను కాశాయనాలి. అక్కయమ్మ కడుపు పట్టుకుని నవ్వేది. తోడేలు మళ్ళీ మంద జోలికి రాలేదు. మనిషి కాపలా కూర్చున్నాక తినడం వాటికి పరువు తక్కువ. పగలంతా బండ మీద పడుకునేది. రాగులు కోతకొచ్చేసరికి మాల దగ్గు తగ్గిపోయింది. ముద్ద అడిగి మరీ తినేది. పిల్ల నిద్రపోతుంటే నేత్రావతి దాని రొమ్ము మీద చెవి పెట్టి వినేది. ఏ కూతా వినబడకపోతే సంతోషంతో ఏడుపు వచ్చేది.

ఒక ఉదయం తోడేలు తోక బండ రంగుకు తిరిగింది. నాలుగు రోజులకు వీపు కూడా. ఎవరైనా చూశారంటే ఇక మూట కట్టాలి, పిల్లను మళ్ళీ ఆ దుమ్ములోకి తీసుకుపోవాలి.

గిన్నెలు తోమడానికి నేత్రావతి ఇంటినుంచి తెచ్చుకున్న దిబ్బ మన్ను ఒక డబ్బాలో ఉంది. మాలను అక్కయమ్మ దగ్గర వదిలి, మన్ను నీళ్ళలో కలుపుకుని బండ దగ్గరికి పోయింది.

"కదలొద్దు నాయనా, నీకు పుణ్యముంటాది" అంది.

తోడేలు కదల్లేదు. గోడకు సున్నం కొట్టినట్టు తోక నుంచి చెవులదాకా పూసింది. చెవుల వెనక పూస్తుంటే అది హాయిగా కళ్ళు మూసుకుంది. రాలిపోయినప్పుడల్లా మళ్ళీ పూసేది.

మామిడికాయలు కోసే రోజుల్లో పెద్ద వాన పడింది. తోడేలు పరుగున వచ్చి దొడ్డి చూరు కింద, సరిగ్గా చిన్నవెంకటప్ప పక్కన నిలబడింది. దాని ఒంటి మీద నుంచి తెల్లనీళ్ళు కారుతున్నాయి.

"ఏమమ్మా, ఈ తోడేలు యాడిది?" అన్నాడు చిన్నవెంకటప్ప.

"దిబ్బదే అప్పా. తడిసినాది, అంతే."

"గొర్రెలూ తడిసినాయి. వాటికి రంగు పోలేదే!"

నేత్రావతి "పాపను ఆ దుమ్ములోకి ఎత్తుకోని పోలేనప్పా" అని భోరుమంది.

కట్టడి అంటే కన్నతండ్రికి కూడా సడలించని మనిషి ఆయన. గొడుగు తీసుకుని బస్సెక్కాడు. ఆండర్సన్‌పేటకు చెప్పడానికే అనుకుని నేత్రావతి మూట కట్టుకుంది. "ఇంగ ఆయప్ప మాటకు ఎదురు లేదు, ముద్ద తినేసి పోదువులే" అంది అక్కయమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

సాయంత్రం చిన్నవెంకటప్ప తిరిగొచ్చి మూట పక్కన ఒక సంచి దించాడు. నిండా ముగ్గుపిండి.

"ఆ దిబ్బ మన్ను యాడన్నా దూరంగా పారేసి రా, పాపకు పడదు" అన్నాడు. "దీంట్లో కొంచెం తుమ్మబంక కలుపు, వానకు నిలుస్తాది. నేను లేచేలోపల పూసెయ్యమ్మా. నా కంట పడితే బాగుండదు."