గడపకు రాసినట్టు పసుపు

నేను ఒక పసుపు పెన్నును. నేనుగా ఏమీ రాయను. ఎవరో రాసిన మాటల మీద వెలుగు పూస్తాను. హైలైటర్ అంటారు నన్ను. ఫ్యాక్టరీలో నాలోకి రంగు దిగుతుంటే సూర్యుణ్ణి తాగుతున్నాననుకున్నాను. ఆ మత్తు చాలాకాలం వదల్లేదు.

మొదట తవిటయ్య మాస్టారి జేబులో ఉండేదాన్ని. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళకు ఆయన పదో తరగతి చెబుతారు. పరీక్షలో ఒక పాఠం చదివి, దాని మీద సొంత మాటల్లో వ్యాసం రాయాలి. "ముఖ్యమైనదాని మీదే గీయండమ్మా, తక్కినది ఒగ్గీయండి" అంటూ నన్ను నూకరత్నం చేతిలో పెట్టారు.

రత్నం ఒళ్ళో చంటివాడు. పది పాసైతే ఆమె అంగన్‌వాడీ టీచరు కావచ్చు. నమూనా వ్యాసం సరిగ్గా రాయకపోతే మాత్రం మాస్టారు ఈ ఏడు పరీక్షకు పంపరు. ఆ భయం ఆమె వేళ్ళ చెమటలో నాకు తగిలేది.

ఒక వాక్యం మీద గీసింది. దాని కింది వాక్యం మీదా గీసింది. చూస్తుండగానే పేజీ అంతా పసుపు.

"ఏటమ్మా ఇది! గడపకి రాసినట్టు రాసీసినావు?" అన్నారు మాస్టారు.

"కుంకం బొట్లు కూడా ఎట్టీయే పిల్లా!" అంది వెనక కూర్చున్న అప్పలనరసమ్మ. అందరూ నవ్వారు.

"ఏది ఒగ్గీయాలో తెలట్నేదు మాస్టారూ. అచ్చులో ఉన్నదంతా ముక్యమే కదా?" అంది రత్నం, కళ్ళెత్తకుండా.

మనుషులు చిత్రమైనవాళ్ళు. ఇంట్లో ఒకరి మాట ఒకరు వినరు గాని, అచ్చు మాట ముందు చెప్పులు విప్పి నిలబడతారు.

అలా పూసీ పూసీ నాలో రంగు అడుగంటింది. నమూనా వ్యాసం నాటికి చివరి చుక్క మిగిలింది. ఆ రోజు పాఠం పసిపిల్లల నిద్ర గురించి. రత్నం రెండుసార్లు చదివింది. ‘నిద్రలో పిల్లలు ఎదుగుతారు’ అన్న చోట నన్ను ఆనించింది. ఆ వాక్యం చివరికి వచ్చేసరికి నేను ఎండిపోయాను.

విదిలించింది. గట్టిగా నొక్కింది. గీసిన వాక్యాలు చూసి రాద్దామంటే ఇంక పసుపు లేదు. ఏం చేస్తుంది? ఒళ్ళో నిద్రపోతున్నవాణ్ణి చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు రాసింది.

మాస్టారు పైకి చదివారు: "మా బాబు నిద్రలో నవ్వుతాడు. దేవుడు పువ్వు చూపిస్తున్నాడంటుంది మా అత్త. ఎదుగుతున్నాడంటుంది పుస్తకం. పువ్వు కూడా అలాగే కదా విచ్చుకుంటుంది."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. మాస్టారు నన్ను తీసుకుని ఆ చివరి వాక్యం మీద గీశారు. రంగు పడలేదు. అయినా నేను గీశానన్న సంగతి నాకు తెలుసు.

"నీ పేరు పరీక్షకి పంపిస్తన్నానమ్మా" అన్నారు.

ఇప్పుడు నేను ఆ చంటివాడి గుప్పిట్లో ఉన్నాను. వాడికి నిలబడడం వచ్చింది. రత్నం పరీక్షకు చదువుకుంటుంటే వాడు నాతో గోడంతా గీస్తుంటాడు, వాళ్ళమ్మలాగే, ఒక్క చోటు కూడా ఒగ్గకుండా.