లిల్లీ ముఖం రాని ఫోను

షాహిస్తాకు పుట్టుకతోనే వినపడదు. అల్లూరులో వాళ్ల ఇంట్లో సైగలు వచ్చింది అన్న తహీర్ ఒక్కడికే. ఆమె నెల్లూరులో బధిరుల హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా అతను పక్కన కూర్చుని ఒక్కొక్క సైగా నేర్చుకున్నాడు. తల్లి జైతూన్‌బీకి తిను, రా, పడుకో లాంటివి తప్ప రావు. డాక్టరు ఏం చెప్పాడో, చుట్టాలు ఎందుకు నవ్వుకుంటున్నారో, టీవీలో ఏం జరిగిందో, అన్నీ తహీర్ చేతుల మీదుగానే షాహిస్తాకు చేరేవి.

ఆమె మగ్గం పని చేస్తుంది. వరండాలో చెక్క ఫ్రేముకు గుడ్డ బిగించి, పెళ్లి జాకెట్ల మీద జరీతో నెమళ్లు, మామిడి పిందెలు కుడుతుంది. తహీర్ రొయ్యల గుంటల దగ్గర, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు బాగు చేస్తాడు. ఆగిపోయిన మోటారు అతని చెయ్యి పడితే తిరుగుతుందని చుట్టుపక్కల పేరు.

హాస్టల్లో షాహిస్తా పక్క మంచం లిల్లీది. ఊరు బోగోలు. ఇప్పుడు నెల్లూరులో ఒక బొటిక్‌లో పని చేస్తోంది. అక్కడ మగ్గాల ముందు కూర్చునే ఆడవాళ్లలో చాలామంది వినపడని వాళ్లే. మధ్యాహ్నం అన్నాల వేళ స్నేహితురాళ్లిద్దరూ ఫోన్లను చెంబులకు ఆనించి పెట్టుకుని వీడియో కాల్‌లో మాట్లాడుకునేవాళ్లు. వాళ్ల సందులో సెల్ సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి షాహిస్తాకు ఇంట్లో వైఫైయే దిక్కు.

"మా దగ్గర ఒక మగ్గం ఖాళీ అయింది. మేడమ్ నీతో మాట్లాడాలంట. నీ పని ఫొటోలు చూసి ముచ్చటపడింది" అని ఒకరోజు లిల్లీ చెప్పింది.

షాహిస్తా ఆ సంగతి తహీర్‌తో చెప్పినప్పుడు అతను నవ్వి, ఆమె నెత్తిన చిన్నగా తట్టాడు. మేడమ్ వీడియో కాల్ చేస్తానన్న రోజు షాహిస్తా ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని కూర్చుంది. ఫోన్ వెలిగింది. ఎత్తింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఎవరి ముఖమూ రాలేదు. మళ్లీ వచ్చింది, మళ్లీ అంతే. చివరికి ఆగిపోయింది.

విచిత్రం ఏమంటే మెసేజ్‌లు పోతున్నాయి, వస్తున్నాయి. కాల్ మాత్రం కలవదు. అయితే మెసేజ్‌లతో ఆమెకు సరిపోదు. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, అతికష్టం మీద రాస్తుంది. చేతులతో గలగలా చెప్పే మాట అక్షరాల్లో పెట్టేసరికి ముక్కలైపోతుంది.

తహీర్ సాయంత్రం వచ్చి చూశాడు. రౌటర్ ఆపి, కాసేపు ఆగి, మళ్లీ వేశాడు. ఆమె ఫోనులో యాప్ తీసేసి కొత్తగా పెట్టాడు. వైర్లు ఊడదీసి, తుడిచి బిగించాడు.

"ఉప్పుగాలికి లైను పాడైనట్టుండాది. నేను కనుక్కుంటాలే" అన్నాడు సైగల్లో.

మేడమ్ ఇంకోసారి ప్రయత్నించింది. ఆరోజూ చక్రమే తిరిగింది. తర్వాత కొన్నాళ్లకు లిల్లీ మెసేజ్ పెట్టింది: "మేడమ్ వేరే అమ్మాయిని తీసుకుంది. నీకు ఇష్టం లేకుంటే ముందే చెప్పొచ్చు కదా."

షాహిస్తా ఆ మెసేజ్‌ను పదేపదే చదివింది. జవాబు రాయడానికి ప్రయత్నించి, చెరిపేసి, చివరకు ఏడుస్తున్న బొమ్మ ఒకటి పంపింది. అది చూసి లిల్లీ మనసు కరిగినట్టుంది. "జబ్బు నీ ఫోనుకా, మీ ఇంటికా? వేరే వైఫై దగ్గర పెట్టి చూడు" అని రాసింది.

మర్నాడు పూసలు కొనడానికి బజారుకు వెళ్లినప్పుడు షాహిస్తా అక్కడి ఫ్యాన్సీ షాపు ఆమెను బతిమాలి, వాళ్ల వైఫై పెట్టించుకుంది. లిల్లీకి కాల్ చేసింది. వెంటనే లిల్లీ ముఖం వచ్చింది, నోట్లో అన్నం ముద్దతో సహా. ఇద్దరూ ఒకేసారి చేతులు ఆడించేసరికి ఎవరేమంటున్నారో ఎవరికీ తెలియలేదు. ఇంటికి వచ్చి గడపలో నిలబడి మళ్లీ చేసింది. చక్రం.

అంటే జబ్బు ఇంటి లైనుదే. గుంటల మీద తిరిగి అలిసిపోయి వచ్చే అన్నను మళ్లీ ఎందుకు ఇబ్బంది పెట్టడం అనుకుని, కేబుల్ ఆఫీసులో పని చేసే పెంచలప్రసాద్‌కు తనే మెసేజ్ పెట్టింది.

అతను మరునాటి పొద్దున్నే వచ్చాడు. లైను చూశాడు, తన ఫోనులో రౌటర్ సెట్టింగులు తెరిచి చూశాడు. ఆమెకు వినపడదని తెలుసు కాబట్టి చెప్పాల్సింది ఫోనులో రాసి చూపించాడు.

"లైను బాగానే ఉండాదక్కా. మెసేజ్‌లు పోయే దారి వేరు, వీడియో కాల్స్ పోయే దారి వేరు. ఆ రెండో దారి రౌటర్‌లో మూసిపెట్టి ఉండారు."

"మీ ఆఫీసు వాళ్లా?" అని ఆమె రాసింది.

అతను తల అడ్డంగా ఊపి, మళ్లీ రాశాడు. "మీ అన్నే. ఇంట్లో పిల్లోళ్లు ఎప్పుడుజూసినా కాల్స్‌లో ఉంటా ఉండారు, ఎట్లా ఆపాల అని ఆఫీసుకొచ్చి అడిగినాడు. నేనే నేర్పించినా."

ఆ ఇంట్లో పిల్లలు లేరు. తల్లి, అన్న, తను. అంతే.

షాహిస్తా ఆ అక్షరాలను ఒక్కొక్కటే వేలితో తడిమి చదివింది. తప్పుగా చదివానేమో అనుకుంది. పెంచలప్రసాద్ ఆమె ముఖం చూసి కంగారుపడ్డాడు. "తీసెయ్యమంటారా?" అని రాశాడు. ఆమె వద్దని చెయ్యి ఊపింది.

సాయంత్రం తహీర్ రాగానే, కాల్ ఈరోజు కూడా కలవలేదని చెప్పింది. అతను చొక్కా కూడా మార్చుకోకుండా రౌటర్ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఆపాడు, వేశాడు. వైరు ఊడదీసి ఊది బిగించాడు. లేచి ఆమె వైపు తిరిగి, "లైనే. ఆఫీసోళ్లు పట్టించుకోవడంలా" అన్నాడు.

ఆమె అతని చేతులనే చూస్తోంది. ప్రపంచంలో తను అనుమానం లేకుండా నమ్మిన మాటలు ఆ రెండు చేతులవి.

"ప్రసాద్ వచ్చిపోయినాడు" అంది.

తహీర్ చేతులు గాలిలో ఆగిపోయాయి. కాసేపటికి కదిలాయి. "నీ మంచికే చేసినా. ఆ నెల్లూర్లో ఎవడైనా ఏమన్నా చేస్తే నువ్వు అరవను కూడా అరవలేవు."

"వద్దని నాతో చెప్పుంటే పోట్లాడేదాన్ని. ఓడిపోతే ఓడిపోయేదాన్ని. నువ్వు నన్ను పోట్లాడనియ్యలా. లిల్లీ నన్ను తప్పుగా అనుకుంటా ఉంటే, నువ్వు నా ముందర కూర్చుని వైర్లు తుడిచినావు."

వంటింటి గుమ్మంలో జైతూన్‌బీ నిలబడి ఉంది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. అంటే అమ్మకూ తెలుసా? తల్లిని అడగాలి. కానీ ఎలా అడగడం? తల్లికి అన్ని సైగలు రావు, చదువు రాదు. మధ్యలో తహీర్ ఉంటేనే ఆ ఇంట్లో వాళ్లిద్దరికీ మాట.

"అడుగు. అమ్మకు తెలుసేమో అడుగు" అంది.

అతను అడిగాడు. తల్లి పెదవులు చాలాసేపు కదిలాయి. తహీర్ తల దించుకుని సైగ చేశాడు. "ఆపమని తనే చెప్పిందంట. వాణ్ణేం అనబాక అంటా ఉండాది."

షాహిస్తా తల్లి పెదవుల వైపు, అన్న చేతుల వైపు మార్చి మార్చి చూసింది. అమ్మ నిజంగా ఆ మాటే అందా? లేక తప్పు అమ్మ మీదికి తోస్తున్నాడా? చిన్నప్పటినుంచీ అతను చేరవేసిన మాటలన్నీ ఒక్కసారిగా ఆమె కళ్ల ముందు అనుమానంగా నిలబడ్డాయి.

మర్నాడు పొద్దున పెంచలప్రసాద్‌ను పిలిపించి, మూసిన దారి తెరిపించింది. లిల్లీతో మాట్లాడింది. జరిగింది చెబుతుంటే అవతల లిల్లీ కూడా ఏడ్చింది. "ఇప్పుడు ఖాళీ లేదు. అయినా రా. నా గదిలో ఉందువు" అంది. ఆ వారంలోనే షాహిస్తా బట్టలు, సూదులు సర్దుకుని నెల్లూరు బస్సెక్కింది. తహీర్ బస్టాండు దాకా వెంట వచ్చాడు. బస్సు కిటికీ కింద నిలబడి ఏదో చెప్పబోయాడు. ఆమె కళ్లు మూసుకుంది. బస్సు కదిలేదాకా తెరవలేదు.

పెళ్లిళ్ల సీజను వచ్చి ఆర్డర్లు పెరిగాక మేడమ్ ఆమెను పనిలోకి తీసుకుంది. ఆ బొటిక్‌కు వచ్చే కస్టమర్లకూ వీళ్లకూ మధ్య మాట్లాడటానికి భానుప్రియ అనే అమ్మాయి ఉంది. వినపడుతుంది, సైగలూ వచ్చు. ఒకరోజు పని అయ్యాక షాహిస్తా ఆ అమ్మాయి చేత తల్లికి ఫోన్ చేయించింది. ఆరోజు గుమ్మంలో నిలబడి ఏం చెప్పావని అడిగించింది.

భానుప్రియ విన్నది విన్నట్టుగా చేతుల్లో చెప్పింది. "నేనే ఆపమన్నా. బిడ్డ పోతే ఇల్లు చీకటైపోతాదని భయపడినా. వాణ్ణేం అనొద్దని చెప్పినా."

అంటే ఆ పూట తహీర్ నిజమే చెప్పాడు. షాహిస్తా చేతిలోని మగ్గం సూదిని గుడ్డకు గుచ్చి పెట్టింది. అన్న చెప్పిన మాట నిజమో కాదో ఇంకొకరి చేత సరిచూసుకోవడం ఆమెకు అదే మొదటిసారి. ఇక మీదట ఎప్పుడూ అలాగే చూసుకోవాలి.