చెరిపేసిన పంతొమ్మిదేళ్ళు

నేను ఒక పాత లాప్‌టాప్‌ని. ప్రస్తుతం తుక్కు గుట్టలో, తెర ఊడి, బోర్లా పడి ఉన్నాను. కొత్తలో నన్ను కొన్న కంపెనీ ఐదేళ్ళు వాడుకుని, ఇక పనికిరానని తేల్చి, నాలాంటి మరో రెండు వందల యంత్రాలతో కలిపి టోకున అమ్మేసింది. మనుషులు సాటి మనుషులనూ ఇలాగే సాగనంపుతారని అప్పటికి నాకు తెలియదు. అది తెలిసింది అమీర్‌పేటలో వీరరాఘవులు నన్ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాకే.

అతనికి నలభై మూడేళ్ళు. గుంటూరు దగ్గర ఒక నూలుమిల్లులో పంతొమ్మిదేళ్ళు పనిచేసి షిఫ్టు సూపర్‌వైజర్ అయ్యాడు. అంత హోరులోనూ ఏ యంత్రం తేడాగా తిరుగుతోందో చెవితో పసిగట్టేవాడట. ఆ మిల్లు మూతపడింది. భార్య నాగరత్నం బట్టల షాపులో పనికి కుదిరి, "ఒక్క ఏడాది ఇల్లు నేను నెట్టుకొస్తానండీ. మీరెళ్ళి ఆ కంప్యూటర్ కోర్సేదో నేర్చుకోండి" అని పంపింది.

హాస్టల్ మంచం మీద నన్ను ముందు పెట్టుకుని టెస్టింగ్ నేర్చుకున్నాడు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని అది. మొదట్లో ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుని పొడుస్తుంటే నాకు నవ్వొచ్చేది. ఆరు నెలలు తిరిగేసరికి కుర్రకారు వదిలేసిన తప్పులు కూడా పట్టేస్తున్నాడు. అప్పటినుంచి అతనంటే నాకు ఇష్టం.

కానీ వయసు చూసి ఒక్కరూ పిలవలేదు. పది నెలలు గడిచాక, అక్కడ చాలామంది చేసే పనే అతనూ చేశాడు. లేని అనుభవాన్ని కాగితం మీద పుట్టించే ఒక కన్సల్టెన్సీకి నన్ను చంకన పెట్టుకుని వెళ్ళాడు.

"రెజ్యూమేలో నూలుమిల్లు అని కనబడితే ఎవరూ ముట్టుకోరు సార్. మొత్తం తీసేయండి. బెంగుళూరులో టెస్టింగ్ చేశారని రాద్దాం" అన్నాడు అక్కడి మనిషి.

రాఘవులు నన్ను తెరిచి ఆ రెజ్యూమే పైకి తెచ్చాడు. అందులోని మిల్లు ఏళ్ళను ఒక్కొక్కటిగా చెరిపాడు. చెరిపిన మీట నాది కాబట్టి ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

అబద్ధం పనిచేసింది. పది రోజుల్లో ఇంటర్వ్యూ వచ్చింది, నా కెమెరా ముందే. అటువైపు లలితాంబ అనే పెద్దావిడ. అడిగినవాటన్నిటికీ తడుముకోకుండా చెప్పాడు. ఆవిడ మెచ్చుకుంది కూడా.

"చివరిగా ఒక్క మాటండీ. మేం తయారుచేసేది నూలుమిల్లులకు కావలసిన సాఫ్ట్‌వేర్. టెస్టింగ్ వచ్చినవాళ్ళు బోలెడుమంది దొరుకుతున్నారు, మిల్లు లోపల మసలినవాళ్ళే దొరకడం లేదు. మీరెప్పుడైనా మిల్లులో పనిచేశారా?"

రాఘవులు నోరు తెరిచాడు. నిజం చెబితే ఆవిడ చేతిలో ఉన్న కాగితమంతా అబద్ధమని తేలిపోతుంది. చెప్పవయ్యా అని నేను లోలోపల మొత్తుకున్నాను.

"లేదండీ" అన్నాడు.

"అయ్యో. సరేలెండి, ఇంకెవరినైనా చూసుకుంటాం" అంది ఆవిడ.

సాయంత్రం నాగరత్నం ఫోన్ చేసింది. ఏమడిగారని అడిగింది.

"మిల్లులో పనిచేశావా అనడిగారు."

"ఇంకేవండీ మరి, ఉద్యోగం వచ్చేసినట్టే" అని ఆమె నవ్వడం నాకూ వినిపించింది. రాఘవులు ఫోను చెవికి ఆనించుకుని, ఆ నవ్వు వింటూనే నా మూత మెల్లగా దించేశాడు.