ఓబులేసుకు వచ్చిన ఒక్క ముక్క

శుక్రవారం సెలవు పొద్దున ఒమన్‌లోని రుసైల్‌లో ఏ కంపెనీవాడైనా పన్నెండు దాకా ముసుగు తన్ని పడుకుంటాడు. ఆ టైల్స్ ఫ్యాక్టరీ క్యాంపులో మాత్రం పదకొండు మంది మగాళ్లు తలలు నున్నగా దువ్వుకుని, నోటు పుస్తకాలు చంకన పెట్టుకుని మెస్ హాల్లోకి వెళ్తారు, చైనీస్ నేర్చుకోవడానికి. వాళ్లను చూస్తే గణపతికి నవ్వాగదు. ఆ పదకొండు మందిలో తనూ ఒకడే. కానీ తన సంగతి వేరని అతని నమ్మకం.

ఫ్యాక్టరీ చైనావాళ్లది. వాళ్ల మాట మనవాళ్లకు, మనవాళ్ల మాట వాళ్లకు తెలియక రోజుకో రభస. అందుకే ఆఫీసులో పనిచేసే లియు మేడం శుక్రవారాలు పాఠం చెప్తోంది. బాగా వచ్చినవాణ్ణి తర్జుమాన్‌గా, అంటే దుబాసీగా పెట్టుకుంటారు. వాడికిక బట్టీ దగ్గర పని ఉండదు. ఏడాదిన్నరగా టైల్స్ కాల్చే ఆ బట్టీ మూతి ముందు నిలబడటంతో గణపతి ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి. ఇంకో వేసవి అక్కడే గడిస్తే తాను మనిషిగా మిగలనని అతని భయం. ఆ కుర్చీ అతనికి కావాలి, అంతే.

అందుకే ఆరు నెలల్లో నాలుగు వందల మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుని కంఠతా పెట్టాడు. జగిత్యాల నుంచి వచ్చి పదకొండేళ్లు ఒమన్ నీళ్లు తాగినవాడు, అరబ్బీ, హిందీ నాలిక మీద ఆడించేవాడు, తనకు ఈ గుంపొక పోటీయా? ఫోర్క్‌లిఫ్ట్ నడిపే బాషా చైనా అక్షరాలు రాయడు, బొమ్మలు గీసినట్టు గీసి రంగులు వేస్తాడు. ఇంకొకడు పాఠం మొదలవగానే గోడకు తల ఆనించి నిద్రపోతాడు. ఇక మేడం సరేసరి. నలభై అయిదు డిగ్రీల ఎండలో ఫ్లాస్కు తెచ్చుకుని పొగలు కక్కే వేడినీళ్లు తాగుతుంది.

అందరికంటే అధ్వాన్నం ఓబులేసు. కడప జిల్లావాడు, ప్యాకింగ్ సెక్షన్, గణపతి రూమ్‌మేటే. ఆరు నెలల చదువుకు వాడి నోట పలికేది ఒక్కటే ముక్క, "తింగ్ పు తోంగ్." అంటే అర్థం కాలేదు అని. మేడం ఏం చెప్పినా లేచి నిలబడి అదే అంటాడు. ఆమె మళ్లీ మొదలుపెడుతుంది. సగం క్లాసు వాడికే సరిపోతుంది.

"థూ, నీ సదువు పాడుగాను! అర్థం కాలేదని జెప్పుటానికి ఆర్నెల్లు గావాల్నారా? నీ మొకం జూస్తెనే తెలుస్తది గదా," అన్నాడు గణపతి ఒకనాడు రూమ్‌లో.

"కానిదాన్ని అయిందని యాడ చెప్పేదన్నా?"

"నువ్వు దిగిన దినమే ఏం జెప్పిన? పెద్దసారు ముదీర్ ఏమన్నా తమామ్, అంత సరే అనాలె. మల్ల అడిగితే వీనికి పని రాదనుకుంటడు, టికెట్ కొట్టి ఇంటికి తోలుతడు. జెప్పిన్నా లేదా?"

"చెప్పినావన్నా."

"మరి?"

"అది గూడా అర్థం కాలేదన్నా."

ఇలాంటివాడితో ఏం మాట్లాడతాం! గణపతి డ్యూటీ ఆలస్యమైన రోజుల్లో అన్నం, చారు పళ్లెంలో పెట్టి మూత వేసి ఉంచేది మాత్రం ఈ ఓబులేసే. ఉప్పెక్కువైందని తిడుతూనే గణపతి పళ్లెం నాకేసేవాడు. తిండి పెట్టినంత మాత్రాన తెలివి ఉన్నట్టా?

పరీక్ష అనేసరికి తొమ్మిది మంది జారుకున్నారు. మిగిలింది గణపతి, ఓబులేసు. సగం కుర్చీ ఎక్కినట్టేనని గణపతి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. తీరా చూస్తే కాగితం లేదు, కలం లేదు. మేడం ఓబులేసును బయట ఉండమని, గణపతిని తిన్నగా లోడింగ్ దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ బట్టీ ఫోర్‌మన్ చెన్ ఉన్నాడు. అతను ఏది చెప్తే అది బాషా చేత చేయించాలి. అదే పరీక్ష.

చెన్ ఒక టైల్స్ దొంతర వైపు గడ్డం ఆడించి, పోపులో ఆవాల్లా చిటపటా నాలుగు మాటలన్నాడు. అందులో గణపతికి తెలిసినవి రెండే, టైల్స్, లారీ. మేడం తననే చూస్తోంది. పదకొండేళ్ల అలవాటు, మెడ దానంతటదే ఊగింది.

"తమామ్, తమామ్!" అని, బాషా వైపు తిరిగి దర్జాగా కేకేశాడు. "ఎత్తు బాషా, లారీల పెట్టు!"

బాషా ఎత్తాడు, పెట్టాడు. చెన్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. ఆ దొంతరలో పగుళ్లున్నాయి, లారీ ఎక్కించొద్దని అతను చెప్పాడట. మేడం వచ్చీరాని ఇంగ్లీషులో ఆ సంగతి చెప్పి, గణపతిని పక్కన నిలబెట్టి, ఓబులేసును పిలిచింది.

చెన్ ఇంకో పని చెప్పాడు. "తింగ్ పు తోంగ్," అన్నాడు ఓబులేసు చేతులు కట్టుకుని. చెన్ మళ్లీ చెప్పాడు. మళ్లీ అదే ముక్క. మూడోసారి చెన్ వంగి, కుడిపక్క దొంతరలో టైల్ మీద చెయ్యి పెట్టి చురుక్కుమన్నట్టు వెనక్కి లాగి, ఎడమ పక్కది చూపించి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. ఓబులేసు బాషా వైపు తిరిగాడు.

"బాషా, ఎడమ పక్కది తీయి. కుడిపక్కది ఇంగా సల్లారలేదంట, రేపు తీయాల."

చెన్ సిగరెట్టు తీసి రెండు చేతులతో ఓబులేసుకు అందించాడు. సిగరెట్ అలవాటు లేని ఓబులేసు దాన్ని చెవి సందున పెట్టుకున్నాడు.

ఆ పూటంతా గణపతి రూమ్‌లో ఆడలేక మద్దెల ఓడన్నాడు. చెన్‌ది నాటు చైనీస్ అన్నాడు, మేడంకు పక్షపాతం అన్నాడు. నవ్విన నాపచేనే పండుతుందని బాషా నోరు జారాడు. గణపతి కంచం తోసేసి దుప్పటి ముసుగేశాడు.

శనివారం డ్యూటీలో ఓబులేసు తర్జుమాన్‌కిచ్చే కొత్త తెల్ల హెల్మెట్ పెట్టుకుని, చెన్ చెప్పిన మార్పులు చెప్పడానికి బట్టీ దగ్గరికి వచ్చాడు. ఆ హోరులో గణపతికి సగమే వినబడింది.

"తమామ్," అన్నాడు.

ఓబులేసు కదల్లేదు. "నిజ్జంగా అర్థమైందా అన్నా?"

ఒమన్ వచ్చిన కొత్తలో బహ్లాలో ఎవరో ముదీర్ చాచిన అరబ్బీ కాగితానికి, చదవడం రాకున్నా, ఇలాగే తమామ్ అని సంతకం పెట్టాకే, గణపతికి సమాయిల్ ఖర్జూరం తోటలో మూడేళ్లు పడి ఉండాల్సి వచ్చింది. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు పళ్ల సందుల్లోంచి అన్నాడు.

"తింగ్ పు తోంగ్."

"తెలుగులో చెప్పన్నా. నేనేమన్నా చైనావాణ్నా?"

చుట్టూ ఉన్నవాళ్లు పనులాపి చూస్తున్నారు.

"అర్థం కాలే," అన్నాడు గణపతి. "మల్ల జెప్పు."

ఓబులేసు మొదటినుంచి చెప్పాడు.